టెన్షన్ ఎప్పుడు, దేనికి వస్తోందో రాసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆందోళన లాగ్ అంటే ఏమిటి?

మనసు కంగారుపడినప్పుడల్లా ఆ సమయంలో ఏం జరిగిందో రెండు మూడు వాక్యాల్లో రాసి పెట్టుకునే చిన్న పట్టిక. రోజంతా ఎలా గడిచిందో పేజీలకు పేజీలు రాయనక్కర్లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం జరుగుతుండగా మొదలైంది, ఎంత తీవ్రంగా వచ్చింది, అప్పుడు మీరేం చేశారు... ఇంతే. కొన్ని వారాలు ఇలా రాస్తే, ఊరికే వస్తోందనుకున్న టెన్షన్‌కు ఒక వరస ఉందేమో తెలుస్తుంది.

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే చికిత్సలో ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. 1960లలో ఆరన్ బెక్ వేసిన పునాది మీద పెరిగిన ఆ చికిత్సలో, మనసులోకి వచ్చిన ఆలోచనను వచ్చినట్టు కాగితం మీద పెట్టడం ముఖ్యమైన పని. థెరపిస్టు దగ్గరికి వెళ్లనివాళ్లు కూడా ఈ ఒక్క భాగాన్ని సొంతంగా చేసుకోవచ్చు. అయితే అవసరమైన చికిత్సకు ఇది బదులు కాదు.

జరిగింది నాకు గుర్తుంటుంది కదా, రాయడం ఎందుకు?

గుర్తుండేది మొత్తం కాదు, అందులో బాగా భయపెట్టిన భాగం. వారం ఎలా గడిచిందని ఎవరైనా అడిగితే "వారమంతా టెన్షనే" అంటాం. రాసి చూసుకుంటే మూడు సాయంత్రాలు, ఒక ఉదయం అని తేలవచ్చు. మిగిలిన గంటలు మామూలుగానే గడిచాయి, కానీ మామూలు గంటలను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఇంకో సంగతి. ఇప్పుడు మనసు ఎలా ఉందో దాన్నిబట్టే గడిచినవి గుర్తొస్తాయి. దిగులుగా ఉన్నప్పుడు పాత దిగుళ్లే ముందుకొస్తాయి. అప్పటికప్పుడు రాసిన మాటకు ఆ ఇబ్బంది తక్కువ.

ఏమేం రాయాలి?

ఆరు విషయాలు చాలు. రోజు, సమయం. అప్పుడు మీరెక్కడున్నారు, ఎవరితో ఉన్నారు, ఏం చేస్తున్నారు. ఒంట్లో ఏమనిపించింది: గుండె దడ, చెమటలు, కడుపులో తిప్పడం, ఊపిరి ఆడనట్టుండటం, చేతులు వణకడం. మనసులో ఏ మాట మెదిలింది. ఎంత తీవ్రం, ఒక అంకె. ఆ తర్వాత మీరేం చేశారు.

ఇలా ఉండవచ్చు:

"మంగళవారం, రాత్రి 9:40. ఇంట్లో ఒక్కడినే. 'రేపు ఒకసారి మాట్లాడాలి' అని మేనేజర్ మెసేజ్. గుండె దడ, కడుపులో తిప్పింది. ఉద్యోగం తీసేస్తారేమో అనుకున్నాను. 7. ఆ మెసేజ్ మళ్లీ మళ్లీ చదివాను, ఆలస్యంగా పడుకున్నాను."

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. మేనేజర్ మెసేజ్ జరిగిన సంగతి. ఉద్యోగం పోతుందన్నది వచ్చిన ఆలోచన. ఈ రెండూ కలిపి "ఉద్యోగం పోయేలా ఉందని టెన్షన్" అని రాస్తే లాగ్ వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. పక్కన కెమెరా ఉంటే దానికి కనిపించేది ఒక చోట, మీ మనసు దానికి చేర్చింది ఇంకో చోట రాయండి. మొదట్లో విడదీయడం కష్టంగానే ఉంటుంది, రాసేకొద్దీ అలవాటవుతుంది.

మనసులో మాటను శుభ్రం చేసి రాయకండి. "కొంత ఆందోళన కలిగింది" అని మర్యాదగా రాస్తే ఏమీ తెలియదు. "అందరి ముందూ నోరు పెగలదు, నన్ను పనికిరానివాడనుకుంటారు" అని మీరు నిజంగా అనుకున్నది రాస్తే, భయం దేని గురించో అక్కడే బయటపడుతుంది.

అంకె ఎలా వేయాలి?

0 అంటే పూర్తి నెమ్మది, 10 అంటే మీ జీవితంలో ఎప్పుడూ రానంత కంగారు. మనసులోని కలతను ఇలా అంకెతో కొలవడం జోసెఫ్ వోల్పీ అనే మానసిక వైద్యుడు 1960లలో వాడుకలోకి తెచ్చిన పద్ధతి. ఆయన కొలత 0 నుంచి 100 వరకు. రోజువారీ వాడకానికి 10 చాలు.

మీ 6, ఇంకొకరి 6 ఒకటే కానక్కర్లేదు. మీ సోమవారం 6, మీ గురువారం 6 దాదాపు ఒకలా ఉంటే సరిపోతుంది. అందుకే మొదటి రోజే రెండు గుర్తులు పెట్టుకోండి. మీకు 3 అంటే ఎలాంటి సందర్భం, 8 అంటే ఎలాంటిది అని పేజీ పైన రాయండి. ఆపైన అంకె గురించి అయిదు సెకన్లకు మించి ఆలోచించకండి.

సరిగ్గా టెన్షన్ పడుతున్నప్పుడే రాయాలా? అప్పుడు చెయ్యే ఆడదు.

అప్పుడు రాయనక్కర్లేదు. ఒక్కసారిగా వచ్చే తీవ్రమైన భయం, అంటే పానిక్ అటాక్, సాధారణంగా కొన్ని నిమిషాల్లోనే, చాలామందిలో 10 నిమిషాల లోపే పతాక స్థాయికి చేరి తర్వాత తగ్గుముఖం పడుతుంది. దాన్ని గడవనివ్వండి. వీలైతే ఒకే ఒక్క మాట, సమయం ఫోన్లో పెట్టుకోండి: "4:15, లిఫ్ట్". కుదురుకున్నాక మిగతాది రాయవచ్చు. అదే రోజు రాస్తే మంచిది. మర్నాటికి వాయిదా వేస్తే ఊహ కలుస్తుంది.

కాగితమా, ఫోనా?

ఏది మీ చేతికి త్వరగా అందితే అది. ప్రత్యేకమైన యాప్ కొనాల్సిన పని లేదు. ఫోన్ తీస్తే మెసేజ్‌లు, వార్తల్లోకి జారిపోయే అలవాటు ఉన్నవాళ్లకు మాత్రం జేబులో పట్టే చిన్న నోట్‌బుక్కే మేలు.

ఏ కారణమూ లేకుండానే వస్తోంది. అలాంటప్పుడు ఏం రాయను?

"కారణం తెలియదు" అనే రాయండి, కానీ ఖాళీగా వదలకండి. దాంతో పాటు అంతకు ముందు కొన్ని గంటల్లో ఒంటికి సంబంధించి ఏం జరిగిందో రాయండి. కారణం బయటే ఉండాలని లేదు.

మెట్లెక్కితే గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఆ వేగాన్ని చూసి మనసు భయపడితే గుండె ఇంకా వేగం అందుకుంటుంది. ఇక్కడ టెన్షన్‌ను కదిపింది మెట్లు. పానిక్ అటాక్‌లు వచ్చేవారిలో చాలామందికి మొదటి నిప్పురవ్వ ఇలా ఒంట్లోంచే పుడుతుంది. వేడిగా ఉన్న గదిలో తల తిరిగినట్టుండటం, భోజనం ఆలస్యమై చేతులు వణకడం కూడా ఇలాంటివే.

కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకులు ఎప్పుడు తాగారో రాయండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు సుమారు 5 గంటలు పడుతుంది. గర్భిణులకు, గర్భనిరోధక మాత్రలు వాడేవారికి ఇంకా ఎక్కువ. కాబట్టి సాయంత్రం దడకు మధ్యాహ్నం కప్పుతో సంబంధం ఉండొచ్చు. మద్యం సంగతి దీనికి తలకిందులు. తాగినప్పుడు మనసు తేలికపడుతుంది, దాని ప్రభావం దిగిపోయేటప్పుడు, చాలాసార్లు మర్నాడు పొద్దున, ఆందోళన పెరుగుతుంది. ముందు రాత్రి నిద్ర ఎన్ని గంటలన్నది రోజూ రాయాల్సిందే. ఈ ఒక్క గడే చాలా ప్రశ్నలకు జవాబిస్తుందని నా నమ్మకం. నెలసరి వచ్చేవారు ఆ తేదీలు కూడా గుర్తుపెట్టుకోండి. నెలసరికి ముందు వారంలో ఆందోళన పెరగడం చాలామందికి ఉంటుంది.

మందులు కూడా. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్, ముక్కుదిబ్బడకు ఇచ్చే సూడోఎఫెడ్రిన్, స్టెరాయిడ్ మాత్రలు, అవసరానికి మించిన థైరాయిడ్ మాత్ర... వీటితో దడ, వణుకు, కంగారు రావచ్చు. లాగ్‌లో అలా కనిపిస్తే డాక్టర్‌తో చెప్పండి, మీ అంతట మీరు మందు ఆపకండి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, రక్తహీనత, గుండె లయ తప్పడం కూడా ఆందోళనలాగే అనిపిస్తాయి. బరువు తగ్గడం, ఆయాసం, కళ్లు తిరగడం లాంటివి దానికి తోడైతే పరీక్షలు చేయించుకోవాలి.

ఇంత చూసినా కొన్నిసార్లు కారణం దొరకదు. ప్రతి దడకూ ఒక కారణం ఉండి తీరాలని పట్టుబట్టకండి.

ఏ టెన్షనూ లేని రోజు కూడా రాయాలా?

తప్పకుండా. ఎక్కువమంది వదిలేసేది ఇదే, వదిలేయకూడనిదీ ఇదే.

టెన్షన్ వచ్చిన రోజులే రాశారనుకోండి. పది సార్లలో ఎనిమిది సార్లు కాఫీ తాగాకే వచ్చింది. అయితే కాఫీయే కారణమా? మీరు రోజూ కాఫీ తాగేవారైతే, ఏ టెన్షనూ లేని రోజుల్లో కూడా కాఫీ ఉంటుంది. ఆ రోజుల లెక్క లేకుండా కాఫీ మీద నేరం మోపలేం. అందుకే రోజూ రాత్రి ఒక్క లైను రాయండి. నిద్ర ఎంత, కాఫీ ఎప్పుడు, ఆ రోజు అన్నిటికన్నా ఎక్కువ అంకె ఎంత. అది 1 అయినా సరే. భయపెడుతుందనుకున్న సందర్భం ఎదురైనా ఏమీ కాకపోతే అది కూడా రాయండి. "మీటింగ్‌లో మాట్లాడాను, 2" అన్న లైనుకు విలువ చాలా ఎక్కువ. ఆ రోజు తేడా ఎక్కడుందో అడగడానికి మీకు వీలు దొరుకుతుంది.

ఎన్ని రోజులు రాయాలి?

రెండు నుంచి నాలుగు వారాలు. వారానికి ఒకసారే వచ్చే సందర్భాలుంటే నాలుగు, నెలసరితో సంబంధం ఉందేమో చూడాలంటే రెండు నెలలు. ముగింపు తేదీ మొదటి పేజీలోనే రాసేయండి. గడువు లేకుండా నెలల తరబడి మనసును కాపలా కాయడం మంచిది కాదు.

రాసినదాన్ని ఎలా చదవాలి?

వారం నిండేదాకా చదవకండి. రెండు ఎంట్రీలు ఒకలా ఉండగానే మనసు తీర్పు ఇచ్చేస్తుంది.

చదివేటప్పుడు మొదట 6, అంతకు పైన ఉన్నవాటికి గుర్తు పెట్టి వాటినే పక్కపక్కన చూడండి. సమయం కలుస్తోందా? మనుషులా, చోటా, పనా? ముందు రాత్రి నిద్ర? ఆ తర్వాత "మనసులో మాట" గడిని పై నుంచి కింది దాకా ఒక్కసారిగా చదవండి. సందర్భాలు వేర్వేరుగా ఉన్నా మాట ఒకటే కావడం తరచుగా జరుగుతుంది. ఫోన్ మోగితే భయం, మీటింగంటే భయం, బంధువులు వస్తున్నారంటే భయం. పైకి మూడు వేర్వేరు కారణాలు. మూడింట్లోనూ రాసిన మాట మాత్రం "నా గురించి ఏమనుకుంటారో". అప్పుడు పట్టించుకోవాల్సింది ఫోన్‌నో మీటింగ్‌నో కాదు, ఆ మాటను.

దొరికినదాన్ని అనుమానంగానే ఉంచండి, తీర్పుగా కాదు. నిద్ర తక్కువైన రోజు వల్ల అనిపిస్తే ఒక వారం నిద్ర సమయం మాత్రమే మార్చి, మిగతావి అలాగే ఉంచి చూడండి. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ట్రిగ్గర్, అంటే టెన్షన్‌ను కదిపేది, దొరికింది. దాని జోలికి పోకుండా ఉంటే సరిపోతుందా?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. లాగ్‌ను "ఇకపై వెళ్లకూడని చోట్ల జాబితా"గా మార్చుకుంటే దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

తప్పించుకుంటే వెంటనే హాయిగా ఉంటుంది. ఆ హాయే చిక్కు. "వెళ్లలేదు కాబట్టి బతికిపోయాను" అని మనసు నేర్చుకుంటుంది. వెళ్లినా ఏమీ కాకపోయేదని తెలుసుకునే అవకాశం పోతుంది. మర్నాడు భయం ఇంకాస్త పెద్దదవుతుంది, వెళ్లగలిగే చోట్లు ఇంకాస్త తగ్గుతాయి. లిఫ్ట్‌తో మొదలైంది మెట్రో దాకా, అక్కడి నుంచి జనం ఉన్న ఏ గది దాకా అయినా పాకవచ్చు.

కాబట్టి దొరికినవాటిని రెండుగా విడదీయండి. మానుకున్నా మీ జీవితం ఏమీ చిన్నది కానివి ఒక వైపు: సాయంత్రం కాఫీ, పడుకునే ముందు వార్తలు, భోజనం మానేయడం. వీటిని నిశ్చింతగా తగ్గించవచ్చు. మానుకుంటే జీవితం కుంచించుకుపోయేవి ఇంకో వైపు: మనుషులతో మాట్లాడటం, ప్రయాణం, పరీక్ష, ఫోన్ ఎత్తడం. వీటికి కొద్దికొద్దిగా దగ్గరవ్వాలి. 3 వచ్చే సందర్భంతో మొదలుపెట్టి, అది 1కి దిగాక 4 వచ్చేదానికి వెళ్లాలి. ఆ మెట్లన్నీ మీ లాగ్‌లోనే అంకెలతో సహా ఉంటాయి. 8, 9 వచ్చేవాటికి థెరపిస్టు తోడుంటే మేలు. ఇది ప్రమాదం లేని భయాల గురించి చెప్పిన మాట. మిమ్మల్ని కొట్టేవారో బెదిరించేవారో మీ లాగ్‌లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే వారికి దగ్గరవ్వడం అలవాటు చేసుకోకండి, అక్కడి నుంచి బయటపడటానికి సాయం తీసుకోండి.

"ఆ తర్వాత ఏం చేశాను" అన్న గడి ఇక్కడ పనికొస్తుంది. ఎవరినో తోడు తీసుకెళ్లడం, తలుపు దగ్గరే కూర్చోవడం, పంపిన మెసేజ్‌ను పదే పదే చూసుకోవడం... ఇవి కూడా తప్పించుకోవడంలో భాగాలే, కాస్త దాగి ఉంటాయి అంతే. మీరు వాటిని ఎన్నిసార్లు రాశారో చూడండి.

భయపడింది చివరికి జరిగిందో లేదో రాయాలా?

రాయండి. ఎంట్రీ కింద ఒక లైను ఖాళీ వదిలి, సంగతి తేలాక నింపండి. పైన చెప్పిన మెసేజ్ కింద మర్నాడు "సెలవుల గురించి అడిగారు" అని ఉండవచ్చు.

లూకస్ లాఫ్రెనియర్, మిషెల్ న్యూమన్ అనే పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఎప్పుడూ ఏదో ఒక చింతతో సతమతమయ్యే రుగ్మత ఉన్న 29 మంది ఇదే పని చేశారు. 10 రోజులు తమ చింతలు రాసి, అవి నిజమయ్యాయో లేదో నెల రోజుల పాటు చూసుకున్నారు. 91 శాతం నిజం కాలేదు. చిన్న అధ్యయనమే, మీ శాతం వేరుగా ఉండొచ్చు. కానీ ఎవరో చెప్పిన "ఏం కాదులే" కన్నా, మీ చేత్తో రాసుకున్న "జరగలేదు" ఎక్కువ పనిచేస్తుంది. జరిగినవి కూడా దాచకుండా రాయండి. జరిగినప్పుడు ఎలా నెట్టుకొచ్చారో కూడా.

రాస్తుంటే టెన్షన్ ఇంకా పెరుగుతోంది. మానేయాలా?

మొదటి కొద్ది రోజులు కాస్త పెరిగినట్టు అనిపించడం మామూలే, ఇన్నాళ్లూ చూడని వైపు చూస్తున్నారు మరి. వారం దాటినా అలాగే ఉంటే రోజుకు ఒక్క ఎంట్రీకి తగ్గించండి. అయినా తగ్గకపోతే మానేయండి, అందులో తప్పేమీ లేదు.

కొందరికి ఇది మొదటి నుంచే సరిపడకపోవచ్చు. ఏ జబ్బు వచ్చిందోనని నిత్యం నాడి, బీపీ చూసుకునేవారు ఆ కొలతలను లాగ్‌లోకి తెస్తే చూసుకోవడం రెట్టింపవుతుంది. ఓసీడీ, అంటే అక్కర్లేని ఆలోచనలు, పదే పదే చేసే పనులు వదలని రుగ్మత, ఉన్నవారికి "సరిగ్గా రాశానా" అన్నదే కొత్త చింతగా మారవచ్చు. భయంకరమైన సంఘటన అనుభవించినవారు దాని వివరాలు ఒంటరిగా కూర్చుని రాయకపోవడమే మంచిది. ఈ ముగ్గురూ థెరపిస్టుతో మాట్లాడి మొదలుపెట్టాలి.

ఇంట్లోవాళ్లు చదివేస్తారేమో?

పేర్లకు బదులు అక్షరాలు వాడండి, ఫోన్లో అయితే తాళం పెట్టుకోండి. యాప్ వాడితే మీ రాతలు ఎక్కడ దాస్తుందో, ఎవరికి పంచుతుందో ముందే చదవండి. ఎవరైనా చదువుతారన్న భయం ఉంటే చేయి నిజం రాయదు, అందుకని ఈ జాగ్రత్త.

మా పాప స్కూలుకు వెళ్లాలంటే భయపడుతోంది. తన కోసం నేను రాయొచ్చా?

రాయొచ్చు, మీకు కనిపించినది మాత్రమే. "పొద్దున 7:30, కడుపు నొప్పంది, ఆదివారం అనలేదు" లాంటివి. కాస్త పెద్ద పిల్లలైతే తనకు చెప్పి, కలిసి రాయండి. అంకెలకు బదులు ముఖం బొమ్మలు గీయమనండి. మీరు ప్రతి గంటా "ఇప్పుడెలా ఉందమ్మా?" అని అడిగితే మాత్రం భయపడాల్సిందేదో ఉందని పిల్లలకు అనిపిస్తుంది. స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో విడిగా, నెమ్మదిగా కనుక్కోండి.

నాకు యాంగ్జైటీ డిజార్డర్ ఉందో లేదో లాగ్ చెబుతుందా?

చెప్పదు. 2006లో ప్రచురించిన జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పత్రం ఒకటుంది, చాలా చోట్ల డాక్టర్లు వాడతారు. గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది. మొత్తం 21 పాయింట్లు. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం. 10 గానీ అంతకు ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌ను కలవడం మంచిది. అది కూడా వడపోతకే, నిర్ధారణ డాక్టరే చేయాలి.

వెళ్లేటప్పుడు లాగ్ మొత్తం ఇవ్వకండి. అన్నిటికన్నా తీవ్రమైన మూడు ఎంట్రీలు, నిద్ర లెక్క, వాడే మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. దొరికే కొద్ది నిమిషాల్లో "ఏమో డాక్టర్, అప్పుడప్పుడు వస్తోంది" అనే కన్నా అది చాలా నయం.

రాయడం పక్కనపెట్టి వెంటనే సాయం తీసుకోవాల్సింది ఎప్పుడు?

ఛాతీలో నొప్పి లేదా బరువు వచ్చి చేతికో దవడకో పాకుతుంటే, ఊపిరి అందకపోతే, స్పృహ తప్పితే అది టెన్షనే అని మీరే తేల్చుకోకండి. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. చనిపోవాలనో, ఒంటికి హాని చేసుకోవాలనో ఆలోచనలు వస్తుంటే ఈ క్షణమే దగ్గరివాళ్లకు చెప్పండి, మీ దేశంలోని ఎమర్జెన్సీ నంబరుకో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయండి. ఒంటరిగా ఉండకండి.

నిద్ర, తిండి, ఉద్యోగం, చదువు వారాల తరబడి దెబ్బతింటున్నా, టెన్షన్ తగ్గడానికి మద్యమో నిద్రమాత్రలో అలవాటవుతున్నా, లాగ్ పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు. ఆందోళన రుగ్మతలకు మంచి చికిత్సలున్నాయి.

మధ్యలో నాలుగు రోజులు రాయలేదు. మళ్లీ మొదటి నుంచి రాయాలా?

అక్కర్లేదు. ఆ రోజుల్ని గుర్తు తెచ్చుకుని నింపకండి, ఖాళీగానే వదిలి ఈ రోజు నుంచి రాయండి. ఎందుకు రాయలేకపోయారో మాత్రం ఒక ముక్క పెట్టండి. బాగున్నందుకు రాయలేదా, బొత్తిగా బాగోలేక రాయలేదా అన్నది కూడా చదివేటప్పుడు పనికొస్తుంది.